పార్కుకు విడిగా పోలీసు కావాలా, కాపలాదారు చాలా?

ఉదయపునడక
మా కాలనీ పార్కులో పోయిన వారం ఒక పెద్దావిడ మెడలోని గొలుసు తెంపుకుపోయారు. వేకువజాము. పార్కులో సగం దీపాలు వెలగవు, ఆ సంగతి దొంగకు మాకంటే బాగా తెలుసు. గేటు దగ్గర కాపలాదారు ఉన్నాడు. తన పని గేటు తీయడం, వేయడం మాత్రమేనని చెప్పాడు. పోలీస్ స్టేషనుకు వెళ్తే, పార్కు లోపలి సంగతి మున్సిపాలిటీ చూసుకోవాలి కదా అని చాలాసేపు నసిగి, ఆ తరువాత కాగితం తీసుకున్నారు. మున్సిపాలిటీ కార్యాలయంలో అడిగితే, చెట్లు మావి గానీ నేరాలు మావి కావన్నారు.

లండన్‌లోనూ అమెరికాలోనూ పార్కుల కోసమే వేరుగా పోలీసు బలగాలు ఉంటాయని మా అబ్బాయి అంటున్నాడు. అక్కడ ఉంటున్నవాళ్ళు చెప్పండి, అది నిజమేనా? ఉంటే వాళ్ళు రోజంతా చేసే పని ఏమిటి? మన దగ్గర అలాంటిది కావాలని అడిగితే అత్యాశ అవుతుందా?

చెరువుగట్టు
అలాంటి పోలీసులు వస్తే మొదటి కేసు గొలుసు దొంగ మీద పడదు. పొద్దున్నే ప్లాస్టిక్ సంచితో వచ్చి మందారాలన్నీ దులిపేసే భక్తుల మీద పడుతుంది.

పూలసజ్జ
దేవుడికి నాలుగు పూలు కోసుకుంటే దొంగతనమా? చెట్టు మీదే వాడిపోతే ఎవరికి ఉపయోగం?

చెరువుగట్టు
నాలుగు కాదండీ, నలభై. పైగా కొమ్మ వంచడానికి ఇంటి నుంచే కొక్కెం కర్ర తెస్తారు. అది ముందస్తు కుట్ర కిందికి వస్తుంది.

థేమ్స్‌తీరం
ఉదయపునడక గారూ, మీ అబ్బాయి చెప్పింది నిజమే. కాకపోతే లండన్ గురించి కొంచెం ఆలస్యంగా అడిగారు.

హైడ్ పార్కు, రిచ్‌మండ్, గ్రీనిచ్ లాంటి రాయల్ పార్కులు ఎనిమిది ఉన్నాయి. పూర్వం వీటికి పార్కు కీపర్లు ఉండేవారు. 1872లో వచ్చిన పార్కుల నియంత్రణ చట్టం, పార్కు హద్దుల లోపల ఆ కీపర్లకు పోలీసు కానిస్టేబులు అధికారాలు ఇచ్చింది. 1974లో ఆ కీపర్ల వ్యవస్థే రాయల్ పార్క్స్ కాన్‌స్టాబ్యులరీ అనే బలగమయింది. టోపీ మారింది, పేరు మారింది, కానీ పని మాత్రం పార్కులదే. 2004లో ఆ పనిని నగర పోలీసు, అంటే ఇక్కడ అందరూ మెట్ అనే మెట్రోపాలిటన్ పోలీసు తీసుకుంది. 2006లో పాత బలగాన్ని చట్టప్రకారం రద్దు చేశారు. పెద్ద బలగంలో కలిస్తే శిక్షణ, వాహనాలు, మనుషులు అన్నీ మెరుగవుతాయని అప్పటి వాదన.

మెట్‌లో పార్కుల కోసం ఒక విభాగం మిగిలింది. 2025లో నిధులు చాలక దాదాపు 1,700 ఉద్యోగాలు తగ్గించుకుంటామని మెట్ ప్రకటించినప్పుడు, రద్దు చేస్తామన్న వాటిలో ఆ పార్కుల బృందం ఒకటి. కీపరు పోలీసయ్యాడు, ఆ పోలీసు పెద్ద పోలీసులో కలిశాడు, డబ్బు కరువైనప్పుడు అసలుకే ఎసరు వచ్చింది.

ఉదయపునడక
అంటే కలిపేయడమే తప్పంటారా?

థేమ్స్‌తీరం
తప్పని నేననను. జీతం ఎవరిస్తారన్నది చూడమంటాను. పార్కుల సంస్థే జీతమిస్తే ఆ మనిషిని పార్కులోంచి లాగి ఫుట్‌బాల్ మ్యాచ్ బందోబస్తులో నిలబెట్టలేరు. నగర పోలీసు జీతమిస్తే నిలబెడతారు. ఇదే లండన్‌లో హాంప్‌స్టెడ్ హీత్ అనే పెద్ద పచ్చిక మైదానం ఉంది. దాన్ని చూసుకునే సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ 1992లో సొంత కాన్‌స్టాబ్యులరీ పెట్టుకుంది. చిన్న బలగమే, కుక్కలను వెంటబెట్టుకుని తిరుగుతారు. అక్కడికి నడకకు వచ్చేవాళ్ళు వాళ్ళను గుర్తుపడతారు, వాళ్ళూ వీళ్ళను గుర్తుపడతారు.

మరోవైపు లండన్‌లోనే ఉన్న వాండ్స్‌వర్త్ పురపాలక సంఘం 1985లో పార్కు పోలీసులను పెట్టుకుని 2012లో తీసేసింది. కాబట్టి సొంతంగా పెట్టుకున్నంత మాత్రాన కలకాలం ఉంటారన్న హామీ కూడా లేదు.

మాజీఖాకీ
సర్వీసు మొత్తం స్టేషన్లలోనే గడిపి రిటైరయినవాణ్ణి, ఇక్కడి సంగతి చెబుతాను. పార్కు లోపల జరిగినా గేటు బయట జరిగినా అది ఆ స్టేషను హద్దులోని నేరమే. మున్సిపాలిటీ చూసుకోవాలి అనడానికి చట్టంలో చోటు లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం తమ హద్దులో జరగకపోయినా సరే ఫిర్యాదు నమోదు చేయాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నది దాన్నే. మిమ్మల్ని నిలబెట్టింది బద్ధకం, చట్టం కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. బీటు కానిస్టేబులు మోటారు సైకిలు మీద వస్తాడు. పార్కులో బండి తిరగదు. గేటు దగ్గర పాయింట్ పుస్తకంలో సంతకం పెట్టి పోతాడు. గొలుసు తెగేది గేటు దగ్గర కాదు, లోపల వెదురు పొదల మలుపులో. కాలినడకన తిరిగే మనిషి లేకపోతే పార్కులో గస్తీ ఉన్నా లేనట్టే. ఈ మాట నేను ఉద్యోగంలో ఉండగానే సమీక్షల్లో అన్నాను. నవ్వారు. ఉన్నవాళ్ళు బందోబస్తులకే చాలడం లేదు, పార్కుకు ఎక్కడి నుంచి తేవాలి అన్నారు.

గునుగుపువ్వు
మాజీఖాకీ గారి మాటలో న్యాయం ఉంది. కానీ పార్కులో పోలీసు అనగానే ఆడపిల్లకు ముందుగా గుర్తొచ్చేది రక్షణ కాదు. 2005 డిసెంబరులో మీరట్ గాంధీ పార్కులో 'ఆపరేషన్ మజ్ను' అని పేరుపెట్టి, టీవీ కెమెరాలను వెంటబెట్టుకుని మరీ వెళ్ళి, జంటలుగా కూర్చున్నవాళ్ళను పోలీసులు కొట్టారు. చేయి చేసుకున్నవాళ్ళలో మహిళా పోలీసులూ ఉన్నారు. దేశమంతా చూశాక సస్పెన్షన్లు వచ్చాయి.

అంత దూరం ఎందుకు, 2021 ఆగస్టులో మన ఇందిరా పార్కులో పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టలేదూ? గొడవయ్యాక జీహెచ్‌ఎంసీ తీయించింది. ఆ బోర్డు పెట్టింది పోలీసులు కాదు, పార్కు వాళ్ళే. వాళ్ళ చేతికి లాఠీ కూడా ఇస్తే ఇక చూడండి.

చెరువుగట్టు
పెళ్ళయిన జంటలకు అనుమతి ఇచ్చారు గానీ, వాళ్ళు కలిసి రారు కదా. ఆయన ముందు, ఆవిడ వెనక వంద గజాల దూరంలో.

మాజీఖాకీ
గునుగుపువ్వు గారూ, మీరట్‌లో జరిగినదాన్ని సమర్థించేవాడు పోలీసే కాడు. కానీ 2014 అక్టోబరులో హైదరాబాదులో షీ టీమ్స్ మొదలయ్యాక, మామూలు దుస్తుల్లో తిరిగి, వేధించేవాణ్ణి వీడియో తీసి పట్టుకునే పద్ధతి వచ్చింది. అక్కడ నిలదీసేది వేధించినవాణ్ణి, బెంచీ మీద కూర్చున్న జంటను కాదు.

గునుగుపువ్వు
పద్ధతి మంచిదే, కాదనను. ఆ బృందం వెళ్ళిపోయాక పార్కులో మిగిలే మనిషి ఎవరన్నదే నా భయం. మేం ఇంటర్ చదివేటప్పుడు ఒక పార్కు కాపలాదారు ప్రతి అమ్మాయినీ ఇంటిపేరు, నాన్న ఫోను నంబరు అడిగేవాడు. అడిగే అధికారం అతనికి లేదని మాకెవరూ చెప్పలేదు.

బీటుగార్డు
మన దగ్గర పార్కు పోలీసు బొత్తిగా లేడని అనుకోకండి. కేబీఆర్ పార్కు 1998 నుంచి జాతీయ ఉద్యానం, కాబట్టి కంచె లోపల అటవీ శాఖది. నేను ఆ శాఖలోనే పనిచేశాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 50వ సెక్షన్ మాకు సోదా చేసే అధికారం, మనిషిని పట్టుకునే అధికారం ఇచ్చింది. నెమలి జోలికి వెళ్ళినవాడు మా చేతికి చిక్కితే వదలం. గొలుసు జోలికి వెళ్ళినవాడినైతే పట్టుకుని స్టేషనుకు అప్పగించడం వరకే; అది మీరూ చేయవచ్చు. కంచె బయట చుట్టూ ఉన్న నడకదారిలో మా మాట అసలే చెల్లదు. ఒకే మనిషి ఒకే ఉదయం లోపల నడిస్తే ఒక శాఖ, బయట నడిస్తే మరో శాఖ.

ఉదయపునడక
అంటే నెమలికున్న భద్రత నాకు లేదు.

బీటుగార్డు
నెమలి జాతీయ పక్షి కదండీ. మిమ్మల్ని ఇంకా ప్రకటించలేదు.

విశాఖవాసి
కేబీఆర్ అనగానే 2014 నవంబరు గుర్తొచ్చింది. అక్కడికి ఉదయం నడకకు వచ్చిన పారిశ్రామికవేత్త మీద ఏకే-47తో కాల్పులు జరిపారు. ఆ కేసులో పట్టుబడినది ఒక కానిస్టేబులు. తుపాకీ కూడా పోలీసు శాఖదే. పార్కులో ఖాకీ కనబడితే ధైర్యం అని రాస్తున్నవాళ్ళు అది కూడా కలుపుకోవాలి.

మాజీఖాకీ
ఒక్కడు చేసిన పనిని అందరి నెత్తిన రుద్దితే చర్చ ముందుకు వెళ్ళదు. అతన్ని పట్టుకున్నదీ పోలీసులే.

పొటోమాక్_పంతులు
అమెరికా రాజధాని ప్రాంతం నుంచి రాస్తున్నాను. ఇక్కడి యునైటెడ్ స్టేట్స్ పార్క్ పోలీస్ తమ చరిత్రను 1791 నుంచి లెక్కపెట్టుకుంటుంది. కొత్త రాజధానిలోని ప్రభుత్వ మైదానాలకు పెట్టిన కాపలాదారులతో మొదలు. 1882లో ఇక్కడి చట్టసభ అయిన కాంగ్రెసు ఆ కాపలాదారులకు నగర పోలీసుతో సమానమైన అధికారాలిచ్చింది. 1919లో ఇప్పటి పేరు వచ్చింది, 1933లో నేషనల్ పార్క్ సర్వీసు కిందికి చేరింది. ప్రధానంగా వాషింగ్టన్, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లోనే ఉంటారు. ఎల్లోస్టోన్ లాంటి చోట కనబడే రేంజర్లు వేరు, వీళ్ళు వేరు.

పార్కు అంటే ఇక్కడ బెంచీలూ పూలమొక్కలే కాదు. నది ఒడ్డు వెంట విమానాశ్రయం వైపు వెళ్ళే రహదారి జార్జి వాషింగ్టన్ పార్క్‌వే, బాల్టిమోర్ వెళ్ళే పార్క్‌వే కూడా వాళ్ళ పరిధిలోవే. మనవాళ్ళలో చాలామందికి పార్కు పోలీసుతో తొలి పరిచయం వేగం మించినందుకు అందుకున్న చీటీతోనే. వసంతంలో టైడల్ బేసిన్ అనే కొలను చుట్టూ చెర్రీ పూలు పూసినప్పుడు కొమ్మ విరిచినా పువ్వు తెంపినా నేరమే. ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య ఆ చెట్ల కింద నడుస్తున్నంతసేపూ నేనే ఆవిడకు పోలీసును.

వాళ్ళు చేసిన గొప్ప పని ఒకటి చెప్పాలి. 1982 జనవరి 13న మంచు తుఫానులో ఒక విమానం 14వ వీధి వంతెనను కొట్టుకుని పొటోమాక్ నదిలో పడింది. విమానంలో ఉన్న 79 మందిలో చివరికి అయిదుగురే బతికారు. గడ్డకట్టిన ఆ నదిలోకి తాడు వేసి మనుషులను ఒడ్డుకు లాగింది పార్కు పోలీసు హెలికాప్టరే. దాని కింది గొట్టాలు నీళ్ళను తాకేంత కిందికి దించారు. లోపలి పారామెడిక్ ఆ గొట్టం మీద నిలబడి ఒకావిడను చేతులతో పైకి లాగాడు. పార్కు పోలీసుకు హెలికాప్టరు దేనికని ఆ తరువాత ఈ ఊళ్ళో అడిగినవాణ్ణి నేను చూడలేదు.

పూలసజ్జ
పాపం అత్తయ్యగారు. అన్ని పూలు కళ్ళెదుట పెట్టుకుని.

నల్లకోటు
పొటోమాక్_పంతులు గారు బొమ్మ మాత్రమే చూపించారు, బొరుసు నేను చూపిస్తాను. 2017 నవంబరులో అదే జార్జి వాషింగ్టన్ పార్క్‌వే మీద మొదలైన వెంటాట చివర, ఆయుధం లేని పాతికేళ్ళ యువకుణ్ణి పార్కు పోలీసులు కాల్చారు. తరువాత అతను చనిపోయాడు. అప్పటికి ఆ బలగానికి ఒంటి కెమెరాలు లేవు. జరిగినది జనం కళ్ళతో చూడగలిగారంటే, వెనక వచ్చిన కౌంటీ పోలీసు కారులోని కెమెరా వల్లనే. 2020 జూన్ 1న వైట్‌హౌస్ ఎదుటి లఫాయెట్ స్క్వేర్‌లో నిరసనకారులను తరిమిన బలగాల్లోనూ ముందున్నది వీళ్ళే.

పొటోమాక్_పంతులు
లఫాయెట్ మీద 2021లో, పార్కు పోలీసుకు పై శాఖ అయిన ఇంటీరియర్ శాఖలో తప్పొప్పులు విచారించే ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక వచ్చింది. అధ్యక్షుడు ట్రంప్ పక్కనున్న చర్చి ముందు ఫొటో దిగడం కోసం ఖాళీ చేయించలేదని, కంచె కట్టడానికి ఖాళీ చేయించారని అందులో ఉంది.

నల్లకోటు
కంచె కోసమైనా ఫొటో కోసమైనా కళ్ళు మండింది జనానికే. నేను చెబుతున్నది అది కాదు. రాజధానుల్లో నిరసనలు జరిగేది పార్కుల్లో. కాబట్టి అక్కడ పార్కు పోలీసు అంటే సగం నిరసన పోలీసు.

థేమ్స్‌తీరం
నల్లకోటు గారి మాటకు లండన్ నుంచి బలం. 1866 జూలైలో ఓటు హక్కు విస్తరించాలని రిఫార్మ్ లీగ్ హైడ్ పార్కులో సభ తలపెట్టింది. ప్రభుత్వం గేట్లు మూయించింది. జనం ఇనుప కమ్మీల కంచె పడగొట్టి లోపలికి వెళ్ళారు. ఆరేళ్ళ తరువాత వచ్చిన 1872 చట్టం ఆ గొడవల నీడలోనే పుట్టింది. అదే చట్టం ఒక చేత్తో కీపరుకు పోలీసు అధికారం ఇచ్చి, మరో చేత్తో హైడ్ పార్కు మూలన నిలబడి మాట్లాడుకోవడానికి వీలు కల్పించింది. ఇప్పటి స్పీకర్స్ కార్నర్ అదే.

లేఅవుట్‌బాధితుడు
ఇందిరా పార్కు పక్కన ధర్నా చౌక్ కూడా అంతే కదా. 2017లో అక్కడ ధర్నాలు వద్దని ప్రభుత్వం అంది. నడకకు వచ్చేవాళ్ళకు ఇబ్బంది అన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. మే 15న చౌక్ కావాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ ఎదురుపడి పెద్ద రభస అయింది. 2018 నవంబరులో హైకోర్టు మళ్ళీ అనుమతించింది.

ఉదయపునడక
నేను ఆ పార్కులో నడిచేదాన్నే. నాకు ఇబ్బంది ఉందా అని నన్నెవరూ అడగలేదు. నా పేరు చెప్పుకుని మాత్రం జీవో తీశారు కాబోలు.

చెరువుగట్టు
పోలీసులున్న పార్కు కావాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్ళండి. అసెంబ్లీ ఆ తోటలోనే ఉంది. సమావేశాల రోజుల్లో చెట్టుకు ఇద్దరు చొప్పున కనబడతారు. గొలుసు ఏమోగానీ ఎమ్మెల్యే మాత్రం చెక్కుచెదరడు.

లేఅవుట్‌బాధితుడు
మీరందరూ పార్కులో పడే దొంగల గురించి రాస్తున్నారు. మా బాధ వేరు. మాకు పార్కునే ఎత్తుకెళ్ళారు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలాలి, అందులో పార్కు రావాలి. మా ప్లానులో పచ్చరంగు వేసిన చోట ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉంది, కింద కిరాణా కొట్టు. మేం పాలు కొనేది పార్కులోనే.

అందుకే నా దృష్టిలో మన పార్కు పోలీసు హైడ్రాయే. 2024 జూలైలో పెట్టారు. చెరువులు, పార్కులు, ప్రభుత్వ స్థలాలు ఆక్రమణకు గురికాకుండా చూడటం దాని పని. ఐపీఎస్ అధికారి నడుపుతున్నారు, 2025లో సొంత పోలీస్ స్టేషను కూడా వచ్చింది. లండన్ వాళ్ళకు గొలుసు కాపాడే పోలీసు, మనకు నేల కాపాడే పోలీసు. ఎవరి జబ్బుకు తగిన మందు వాళ్ళది.

గునుగుపువ్వు
ఆ మందు పేదవాడి గుడిసెకు ఒకలా, పెద్దవాడి మేడకు మరోలా పడుతోందన్న విమర్శ కూడా ఉంది కదా.

లేఅవుట్‌బాధితుడు
ఉంది. అయినా మా ప్లాను కాగితం పట్టుకుని వెళ్ళడానికి ఒక గుమ్మం ఉంది ఇప్పుడు. ఇన్నేళ్ళూ అదీ లేదు.

మాజీఖాకీ
హైడ్రాను ఇందులో కలపకండి. అది హద్దురాళ్ళ పని. ఉదయపునడక గారు అడిగింది మనుషుల గురించి.

మనుషుల గురించి అయితే ట్యాంక్‌బండ్ చూడండి. హుస్సేన్‌సాగర్ దగ్గర లేక్ పోలీసులు ఉన్నారు. చావాలని వచ్చినవాళ్ళను ఆపడమే వాళ్ళ ముఖ్యమైన పని. రోజూ అదే గట్టు మీద ఉంటారు కాబట్టి, గాలి కోసం నిలబడినవాడు ఎవరో, దూకడానికి నిలబడినవాడు ఎవరో వాళ్ళ కంటికి తెలుస్తుంది. నన్ను అక్కడికి ఒక్క రోజు పంపితే నేను పోల్చుకోలేను. పార్కుకు విడిగా పోలీసు కావాలనడానికి నా దృష్టిలో ఇంతకు మించిన కారణం లేదు. అధికారం కాదు, అలవాటు.

థేమ్స్‌తీరం
ఈ మాట నచ్చింది. రిచ్‌మండ్ పార్కులో ఆరు వందలకు పైగా జింకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. వాటికి తిండి పెట్టకూడదు, యాభై మీటర్ల దూరంలో ఉండాలి. జింకలు ఈనే కాలంలో, మగవి కొమ్ములు కలిపి కొట్లాడుకునే శరదృతువులో ఏ వైపు కుక్కలను వదలకూడదో అక్కడే తిరిగేవాడికి తెలుస్తుంది. 2011లో ఒక కుక్క జింకల మందను రోడ్డు దాటించి తరుముతుంటే యజమాని దాని పేరు పెట్టి గావుకేకలు వేస్తూ పరిగెత్తిన వీడియో ప్రపంచమంతా చూసి నవ్వింది. అది ఈ పార్కే. కార్లకు గంటకు ఇరవై మైళ్ళ పరిమితి కూడా ఉంది. సైకిళ్ళకు ఆ పరిమితి వర్తిస్తుందా లేదా అన్న తగువు మాత్రం ఎప్పటికీ తెగదు.

చెరువుగట్టు
అక్కడ కుక్క జింకను తరిమితే వార్త. మా పార్కులో కుక్క నన్ను తరిమితే వ్యాయామం.

మిన్నె_చలి
మినియాపొలిస్ నుంచి. ఇక్కడ పార్కులను నడిపేది నగర పాలక మండలి కాదు, విడిగా ఎన్నికైన పార్కు బోర్డు. 1883 నుంచి ఉంది. దానికి సొంత పార్కు పోలీసు ఉంది. థేమ్స్‌తీరం గారు అన్న 'జీతం ఎవరిస్తారు' అన్న ప్రశ్నకు ఇది మంచి ఉదాహరణ. జార్జ్ ఫ్లాయిడ్‌ను నగర పోలీసు చంపిన రోజు, అంటే 2020 మే 25న, అక్కడికి సాయానికి వచ్చినవాళ్ళలో ఒక పార్కు పోలీసు కూడా ఉన్నాడు. జూన్ మొదటి వారంలోనే పార్కు బోర్డు నగర పోలీసుతో తెగతెంపులకు తీర్మానం చేసింది. మా వేడుకలకు మీరు రావద్దు, మీ పనులకు మా వాళ్ళు రారు అని. వేరే సంస్థ కాబట్టి అలా చేయగలిగింది.

అదే వేసవిలో ఇల్లు లేనివాళ్ళు పౌడర్‌హార్న్ పార్కులో వందల గుడారాలు వేసుకున్నారు. బోర్డు మొదట ఉండనిచ్చింది, తరువాత వద్దంది. తీయించే పని పార్కు పోలీసు మీద పడింది. మంచి పేరున్న బలగానికి కూడా ఆ రోజు చెడ్డపేరు తప్పలేదు. పార్కులో పోలీసు చేసే పనుల్లో అన్నిటికంటే కష్టమైనది దొంగను పట్టుకోవడం కాదు, పోవడానికి చోటు లేనివాణ్ణి పొమ్మనడం.

ఏడోనంబరురైలు
న్యూయార్క్‌లో మరో రకం ఉంది. పార్కుల శాఖకు 1981 నుంచి పార్క్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ పెట్రోల్ అనే గస్తీ ఉంది. ఆకుపచ్చ దుస్తులు. తుపాకీ ఉండదు, చీటీ రాయగలరు, అరెస్టు చేయగలరు. సెంట్రల్ పార్కుకు మాత్రం నగర పోలీసుదే ఒక పూర్తి స్టేషను ఉంది.

ఒక ఏడాది మా చుట్టాలూ స్నేహితులూ కలిసి పార్కులో బతుకమ్మ ఆడాం. ఇరవై మందికి మించితే అనుమతి పత్రం ఉండాలి. మా దగ్గర ఉంది. ఆకుపచ్చ దుస్తులావిడ వచ్చి పత్రం చూసింది, తంగేడు దొరకక చామంతులతో పేర్చిన మా బతుకమ్మను చూసింది, "ఈ పూలన్నీ ఇక్కడివేనా?" అని అడిగింది. కొన్న రసీదు చూపించాం. చెరువులో వదలకూడదు, తీసుకెళ్ళిపోవాలి అని చెప్పి, రెండు పాటలు అయ్యేదాకా నిలబడి చూసి వెళ్ళింది. తుపాకీ లేని మనిషి దగ్గర పిల్లలు భయపడలేదు. అది నాకు పెద్ద తేడాగా తోచింది.

పూలసజ్జ
రసీదు ఉన్న పూలు! ఇక నేనూ జాగ్రత్తపడాలి.

నిర్వాహకుడు
పూల సంగతి ఇక చాలు. కావాలంటే వేరే చర్చ మొదలుపెట్టుకోండి.

విశాఖవాసి
ఆంధ్రప్రదేశ్‌లో 2023లో పర్యాటక పోలీస్ స్టేషన్లని 20 పెట్టారు, ఆర్కే బీచ్ దగ్గర కూడా. బయటి ఊరి నుంచి వచ్చినవాడికి దారి చెప్పే మనిషి దొరకడం మంచిదే. రోజూ అదే ఒడ్డున నడిచే నాలాంటివాడు ఏ లెక్కలోకి వస్తాడో? పర్యాటకుణ్ణి కాదు, నేరస్థుణ్ణీ కాదు.

నల్లకోటు
మూల ప్రశ్నకు చట్టం వైపు నుంచి ఒక అడ్డంకి ఉంది, చెప్పి తీరాలి. రాజ్యాంగంలో పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం. పార్కులు, తోటలు, ఆటస్థలాలు 12వ షెడ్యూలు ద్వారా పురపాలక సంస్థలకు అప్పగించదగిన పనులు. అంటే తోట ఒకరిది, లాఠీ మరొకరిది. పార్కు బోర్డు సొంత పోలీసు పెట్టుకున్నట్టు మన నగర పాలక సంస్థ తీర్మానం చేసి పెట్టుకోలేదు. శాసనసభ చట్టం చేయాలి. న్యూయార్క్ తరహా మనుషుల విషయంలో మాత్రం దారి కొంత సులువు. పార్కు నిబంధనలు అమలు చేసే, జరిమానా వేసే సిబ్బందిని పురపాలక చట్టం పరిధిలోనే ఆలోచించవచ్చు.

గునుగుపువ్వు
జరిమానా అధికారం ఇవ్వండి, కానీ దేనికి జరిమానా అన్నది గేటు మీద తెలుగులో రాసి ఉండాలి. ఉమ్మితే ఇంత, మొక్క విరిస్తే ఇంత, ఆడపిల్లను వేధిస్తే ఫలానా నంబరుకు ఫోను. అందులో లేనిది ఎవరూ అడగకూడదు. ముఖ్యంగా ఇంటిపేరు.

మాజీఖాకీ
ఒప్పుకుంటాను. ఉదయపునడక గారూ, చట్టం వచ్చేదాకా మీరు ఆగలేరు కాబట్టి రేపు చేయదగిన పని చెబుతాను. స్టేషనుకు వెళ్ళి పోలీసును కేటాయించమని అడగకండి, లేడంటారు. పాయింట్ పుస్తకాన్ని గేటు దగ్గర నుంచి తీసి లోపల వెదురు పొదల మలుపులో పెట్టమనండి. సంతకం కోసమైనా మనిషి లోపలిదాకా నడవక తప్పదు. ఖర్చు లేని కోరిక కాబట్టి కాదనడానికి సాకు దొరకదు. దీపాలకు విడిగా మున్సిపాలిటీకి అర్జీ పెట్టండి. రెండూ ఒకే కాగితంలో రాస్తే, మా భాగం కాదని ఇద్దరూ పక్కన పడేస్తారు.

ఉదయపునడక
ఇది బాగుంది. అర్జీ నేనే రాస్తాను. కాపలాదారుకు ఒక ఈల, ఒక టార్చి, స్టేషను నంబరున్న ఫోను ఇవ్వమని కూడా అడగనా?

బీటుగార్డు
అడగండి. జీతం నెలనెలా ఇవ్వమని కూడా రాయండి. గుత్తేదారు కింద పనిచేసేవాడికి మూడు నెలలు ఆపితే, ఈల ఊదడానికి ఓపిక ఎక్కడిది?

గునుగుపువ్వు
బెంచీల మీద కూర్చున్నవాళ్ళను గుర్తింపు కార్డులు అడగరాదని కూడా అర్జీలో ఉండాలి. ఉంటేనే మా అపార్టుమెంటు నుంచి సంతకాలు పెట్టిస్తాను.

మాజీఖాకీ
రాయండి, నేనూ సంతకం పెడతాను. కానీ రాత్రి తొమ్మిదికి గేటు మూయాలన్న వాక్యం కూడా ఉండాలి.

గునుగుపువ్వు
పది.

మాజీఖాకీ
తొమ్మిదిన్నర. వేసవిలో పది.